అమ్మకు క్యాన్సర్ అని తెలిశాక: మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్నలు

మా అమ్మకు అంగిట్లో క్యాన్సర్ వచ్చింది. ఆవిడకు అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడాన్ని మా వైపు అలా అంటారు. శ్రీకాకుళం, విశాఖ తీరం ఊళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లలో ఈ అలవాటు కొత్తదేం కాదు. ఆపరేషను, రేడియేషను అయ్యి నాలుగేళ్లు దాటింది. అప్పటి నుంచి బంధువుల్లో గానీ ఆఫీసులో గానీ ఎవరింట్లో క్యాన్సర్ అని తేలినా నాకు ఫోన్ వస్తుంది. రాత్రి పది దాటాక, ఇంట్లోవాళ్లు పడుకున్నాక, మేడ మీదికి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడతారు. అడిగేవి ఇంచుమించు అవే కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాను, ఫైలు మోసిన కొడుకుని. మందుల డోసులు ఇందులో వెతక్కండి.

నోట్లో పుండు ఎన్నాళ్లు చూడొచ్చు?

రెండు వారాలు, మహా అయితే మూడు. అప్పటికీ మానకపోతే ఇంకో పూత మందు మార్చకుండా నోటి సర్జన్‌కో, చెవి ముక్కు గొంతు డాక్టర్‌కో చూపించండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ ఉంటే ఆ మూడు వారాలు కూడా ఆగొద్దు.

మేం నాలుగు నెలలు పోగొట్టుకున్నాం. ముందు వేడి చేసిందన్నారు. తర్వాత బీ కాంప్లెక్స్ మాత్రలు, ఆపైన గ్లిజరిన్ పూత. పక్క టౌన్లో ఒక పళ్ల డాక్టరు పుండు చూసి, పన్ను గుచ్చుకుంటోందని ఆ పన్ను అరగదీసి పంపాడు. ఆయన్నొక్కణ్నే అనడానికి లేదు. నొప్పి లేదు కదా అని మేమూ ఊరుకున్నాం. నొప్పి లేకపోవడమే ఆ పుండుతో వచ్చిన చిక్కు. మొదట్లో చాలావాటికి నొప్పి ఉండదు.

ముక్క తీసి పరీక్షకు పంపితే జబ్బు పాకుతుందట కదా?

పాకదు. ఏ శరీర భాగంలో ముక్క ఎలా తీయాలో తెలిసిన డాక్టర్ తీస్తే భయం లేదు. బయాప్సీ రిపోర్టు లేనిదే ఏ మంచి ఆసుపత్రీ క్యాన్సర్ మందు ఎక్కించదు, ఎక్కించకూడదు. కత్తి తగిలాకే ముదిరిందని చెప్పుకునే కేసుల్లో చాలావరకు జబ్బు అప్పటికే ముదిరి ఉంటుంది. నింద మాత్రం కత్తి మీద పడుతుంది.

స్టేజీ ఎంతో అడిగితే డాక్టర్లు దాటేస్తున్నారు. ఎందుకు?

దాటేయడం కాదు, వాళ్లకూ అప్పటికి తెలీదు. బయాప్సీలో తెలిసేది అది క్యాన్సరా కాదా, అయితే ఏ రకం అన్నది. ఎంత లోతుకు వెళ్లింది, మెడ గ్రంథులకు తగిలిందా, ఊపిరితిత్తుల్లో ఏమన్నా ఉందా అన్నవి సీటీ, ఎంఆర్ఐ, కొందరికి పెట్ స్కాన్ చూశాకే తెలుస్తాయి. ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్కను పరీక్షిస్తే స్టేజీ మారే అవకాశం కూడా ఉంది. మా విషయంలో మారింది. ముందు అనుకున్నదాని కంటే ఒక మెట్టు పైకి వెళ్లింది. అందువల్లే రేడియేషన్ కలిపారు.

ఇంకో మాట. మూడో స్టేజీ అన్న మాట విని గూగుల్లో చూసి కుప్పకూలొద్దు. ఒక్కో క్యాన్సర్‌కు మూడో స్టేజీ ఒక్కోలా ఉంటుంది.

ఎక్కడికి తీసుకెళ్లాలి? హైదరాబాదా, ముంబయా?

ఎక్కువగా అడిగేది ఇదే. పేరున్న ఊరు వెతికే ముందు ఇంటికి దగ్గర్లో ఏముందో చూసుకోండి. క్యాన్సర్ వైద్యం ఒకసారి వెళ్లి వచ్చేది కాదు. రేడియేషన్‌కు ఆరేడు వారాలు, కీమోకు నెలల తరబడి తిరగాలి. ఆ తర్వాత చెకప్పులకు ఏళ్లు. దూరం ఎక్కువైతే మధ్యలో మానేసేవాళ్లున్నారు. సగంలో ఆపిన వైద్యం అసలు మొదలుపెట్టనంత పని చేస్తుంది.

ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖలో, అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముంబయి టాటా మెమోరియల్ సెంటర్ నడిపేదే. అక్కడ అనుసరించే పద్ధతే ఇక్కడా, కాబట్టి ఆ పేరు కోసం ముంబయి రైలెక్కే అవసరం చాలామందికి ఉండదు. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, ఉదయం ఏడింటికే వరండాలు నిండిపోతాయి. నిమ్స్ ఉంది, బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం ఉంది. రాయలసీమ వాళ్లకు తిరుపతి స్విమ్స్ దగ్గర. అరుదైన రకం అయితేనో, మీ ఆసుపత్రి వాళ్లే మా వల్ల కాదు అంటేనో అప్పుడు దూరం వెళ్లండి.

వెళ్లిన చోట ఒకటి అడగండి: 'మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా?' అంటే సర్జను, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు ముగ్గురూ కూర్చుని ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడం. మొదటి వైద్యం సరిగ్గా పడటం చాలా ముఖ్యం. ఊళ్లో దొరికిన సర్జన్‌తో గడ్డ సగం కోయించుకుని తర్వాత క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చేవాళ్లను చూసి అక్కడి డాక్టర్లు తల పట్టుకుంటారు.

రెండో అభిప్రాయం అడిగితే డాక్టర్‌కు కోపం రాదా?

కొందరికి వస్తుంది, రానివ్వండి. మొహమాటపడే చోటు కాదిది. కాకపోతే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళితే సరిపోదు. బయాప్సీ ముక్కను మైనంలో పెట్టి దాస్తారు, దాన్ని బ్లాక్ అంటారు. దాన్నుంచి కోసి గాజు పలకల మీద పెట్టినవి స్లైడ్లు. రెండో ఆసుపత్రి వాళ్లు వాటిని మళ్లీ చూస్తారు. ల్యాబ్‌లో అడిగి, సంతకం పెట్టి తెచ్చుకోవచ్చు. స్కాన్‌లకు ఫిల్మ్ కంటే సీడీ ముఖ్యం.

దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులన్నీ ఒకే తరహా వైద్యం చేయాలని 2012లో నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ పెట్టారు. అందులో ఉన్న రెండు ఆసుపత్రులు మీకు ఒకే మాట చెప్పాయంటే మూడో చోటికి పరుగెత్తకండి. అలా పరుగెడుతూనే రెండు నెలలు కరగబెట్టినవాళ్లు నాకు తెలుసు.

అమ్మకు చెప్పాలా వద్దా?

మేం చెప్పలేదు. నాన్న, నేను, మేనమామ ముగ్గురం కూర్చుని, 'నోట్లో ఇన్‌ఫెక్షన్, చిన్న ఆపరేషన్ చేస్తారు' అని చెప్పాలని తీర్మానించాం. డాక్టర్ గదిలోకి మేం వెళ్లేవాళ్లం, అమ్మను బయట కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లం. మందుల చీటీ మీద పేరు కనబడకుండా మడతపెట్టేవాణ్ని. ఇంటికొచ్చిన చుట్టాలను గేటు దగ్గరే ఆపి, ఏం మాట్లాడకూడదో చెప్పి లోపలికి పంపేవాళ్లం.

మూడో విజిట్‌లో అమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. 'నాకేటైందో సెప్పరేటిరా? అక్కడ బోర్డు మీద అంతంత అచ్చరాలు రాసున్నాయి. ఐదో తరగతి సదువుకున్నాను నేను' అంది. తలెత్తి చూస్తే మేం కూర్చోబెట్టిన కుర్చీకి సరిగ్గా ఎదురుగానే ఉంది బోర్డు, తెలుగులో, క్యాన్సర్ అని. నెల్లాళ్లుగా వచ్చినప్పుడల్లా చదువుకుంటోంది. మేం బాధపడతామని తనూ మా ముందు నటించింది.

అందుకని నా అభిప్రాయం నేను గట్టిగానే చెబుతాను: చెప్పండి. ఒకేసారి అన్నీ కుమ్మరించమని కాదు. 'రిపోర్టు వచ్చింది, నీకెంతవరకు తెలుసుకోవాలనుంది?' అని అడిగితే ఎంత చెప్పాలో వాళ్లే చెబుతారు. కొందరు 'మీరే చూసుకోండి, నాకు వద్దు' అంటారు. అది కూడా వాళ్ల నిర్ణయమే. ఆపరేషన్‌లో మా అమ్మ అంగిలి ఎముక కొంత తీసేస్తారని, మాట ముక్కుతో వస్తుందని, తిండి తినడానికి అంగిట్లో ఆ ఖాళీని మూసే ప్లేటు పెట్టుకోవాలని ముందే చెప్పకపోయి ఉంటే, కళ్లు తెరిచాక ఆవిడ మమ్మల్ని క్షమించేది కాదు. చెప్పాక ఒక రోజంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున అడిగిన మొదటి ప్రశ్న, ఆపరేషన్ లోపు నువ్వుల నూనె ఆడించి పెట్టొచ్చా అని.

ఎలా చెప్పాలో తెలియకపోతే డాక్టర్‌నే చెప్పమనండి, మీరు పక్కన కూర్చోండి. మనసు మరీ కుంగిపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రోగికే అని కాదు, మీక్కూడా.

ఖర్చు ఎంతవుతుంది? కార్డు పనికొస్తుందా?

వస్తుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ఉన్నాయి. ఆంధ్రలో ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పరిమితిని 2023 డిసెంబరులోనే అక్కడ 25 లక్షలకు, తెలంగాణలో 10 లక్షలకు పెంచారు. 70 ఏళ్లు దాటినవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. ఏ ఆసుపత్రిలో ఏ వైద్యానికి కార్డు చెల్లుతుందో 104కు ఫోన్ చేసి కనుక్కోండి. ఆసుపత్రి గుమ్మంలోనే ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. డబ్బు కట్టకముందే అక్కడికి వెళ్లాలి. కట్టేశాక కార్డు చూపిస్తే వెనక్కి ఇప్పించుకోవడం గగనం.

ఇక్కడ మేం దెబ్బతిన్నాం. రేషన్ కార్డులో అమ్మ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఒక్క అక్షరం తేడా. కార్డు మీద వైద్యానికి అప్రూవల్ కోసం తొమ్మిది రోజులు తిరిగాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆ అక్షరాలు సరిచేయించి పెట్టుకోండి, ఈ పేజీలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు.

కార్డులో రానివి కొన్ని ఉంటాయి: కొత్త రకం ఖరీదైన మందులు, కొన్ని స్కాన్‌లు, గది అద్దె, ఆటోలు, మనం తినే తిండి. వాటిలో కొంతకు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద అమ్మకందారు లాభాన్ని 30 శాతానికి కట్టడి చేశారు. అయినా ఒకే మందు కంపెనీని బట్టి ధర మారుతుంది, కాబట్టి చవకైన కంపెనీది రాయొచ్చా అని డాక్టర్‌ను అడగడం తప్పేం కాదు. రైల్లో వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే చాలు.

పొలం అమ్మాల్సి వస్తుందా?

మా జీడితోట అమ్మకానికి పెట్టిన వారం రోజులూ అమ్మ సరిగా అన్నం తినలేదు. చివరికి అమ్మలేదు, కార్డు మీదే చాలావరకు గడిచింది. 'ఈ ఖరీదైన మందుతో జబ్బు నయమవుతుందా, కొన్ని నెలలు ఆయుష్షు పెరుగుతుందా, పెరిగితే ఆ నెలలు ఎలా ఉంటాయి?' అని డాక్టర్‌ను సూటిగా అడిగాకే అమ్మకం మాట ఎత్తండి. డబ్బు ప్రేమకు కొలత అనుకుని అప్పులపాలైన ఇళ్లు ఊరికొకటి ఉన్నాయి. ఆ పొలం ఎవరిదో వాళ్లనూ అడగాలి కదా, ఆసుపత్రి మంచం మీద ఉన్నా సరే.

రేడియేషన్ అంటే కరెంటు పెట్టడమేనా? ఎలా ఉంటుంది?

మా ఊళ్లో ఇప్పటికీ 'కరెంటు పెట్టారు' అనే అంటారు. అది కరెంటు కాదు, ఎక్స్‌రే లాంటి కిరణాలే, బలం ఎక్కువ. తగిలేటప్పుడు నొప్పి ఉండదు. ఆ గదిలోంచి బయటికి వచ్చాక ఒంట్లో ఏమీ మిగలదు. మనవణ్ని ఎత్తుకోవచ్చు. బయటి నుంచి యంత్రంతో పెట్టే రకం గురించి చెబుతున్నాను.

ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి పంపారు. పాడైన పళ్లు రేడియేషన్‌కు ముందే తీసేయాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది. అమ్మకు నాలుగు తీశారు. ఆ తర్వాత ముఖానికి మాస్క్ కొలత. వేడి నీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ జల్లెడను ముఖం మీద పరిచి నొక్కితే, చల్లారేసరికి ముక్కు, గడ్డం అచ్చు పడి గట్టిపడుతుంది. తల కదలకుండా దాన్ని బల్లకు బిగిస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, మొత్తం 30 సిట్టింగులు. లోపల ఉండేది పది పదిహేను నిమిషాలే. బయటికి వచ్చేసరికి అమ్మ నుదుటి మీద, బుగ్గల మీద జల్లెడ గళ్లు అచ్చుపడి ఉండేవి. ఆటోలో ఇంటికెళ్లేదాకా కొంగు కప్పుకునేది. మొదటివారం ఆ మాస్క్ కింద ఊపిరాడలేదని ఏడ్చింది. రెండోవారం నుంచి లోపల పడుకుని తోటలో చెట్లు లెక్కపెట్టుకుంటున్నానని చెప్పింది.

మొదటి రెండు వారాలు ఏం కాలేదని మురిసిపోయాం. మూడోవారం నుంచి మొదలైంది. నోరంతా పుండ్లు, ఉమ్మి తాడులా సాగడం, రుచి పోవడం. ఆరోవారానికి మెడ చర్మం నల్లబడి పొట్టు లేచింది. ఆ నూనెలు, ఈ పసుపులు రాయొద్దు. డాక్టర్ ఇచ్చినదే రాయాలి. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో రోజుకు ఎన్నోసార్లు పుక్కిలించాలి. నోరు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి వ్యాయామం చేయిస్తారు. మొదట పది పుల్లలు పట్టేవి కావు. ఎన్ని పట్టాయో అమ్మ క్యాలెండర్ మీద రాసుకునేది, పాల లెక్క పక్కనే.

మధ్యలో మానొద్దు. సంక్రాంతికి ఇంటికెళ్లి వస్తామని వారం ఎగ్గొట్టే వాళ్లుంటారు. గ్యాప్ వస్తే పని తగ్గిపోతుంది.

ఏం పెట్టాలి? పథ్యం ఏంటి?

పథ్యం పేరుతో గుడ్డు, చేప, పాలు ఆపేసి జావతో సరిపెట్టడం మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఒంట్లో కండ కరిగిపోతే వైద్యం తట్టుకోలేరు. చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందన్న మాట పట్టుకుని పాలలో పంచదార కూడా వేయనివాళ్లను చూశాను. షుగర్ జబ్బు లేకపోతే ఆ భయం అక్కర్లేదు. మా ఇంట్లో నడిచినవి: మెత్తగా పిసికిన పెరుగన్నం, కారం లేని పప్పు, ఉడికించిన గుడ్డు పాలలో కొట్టి, చందువ చేప ముళ్లు తీసి చారులో నలిపి, రాగిజావలో వేరుశనగ పొడి. ప్రతి సోమవారం బరువు చూసేవాళ్లం. తగ్గుతూనే ఉంటే ముక్కులోంచి గొట్టం వేద్దామంటారు. గొట్టం అనగానే 'అంతేనా ఇక' అని గుండెలు బాదుకోకండి. చాలామందికి అది ఒకట్రెండు నెలల సంగతి.

కీమో చేయించుకున్నాక జ్వరం వస్తే పారాసెటమాల్ వేయొచ్చా?

వేసి పడుకోబెట్టొద్దు. 100.4 దాటిందంటే అర్ధరాత్రైనా ఆసుపత్రికే. తెల్ల కణాలు పడిపోయి ఉంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో థర్మామీటరు ఉంచండి.

ఫలానా ఊళ్లో ఆకు మందు ఇస్తారట. పక్కన వాడితే పోయేదేముంది?

పోయేది కాలేయం కావచ్చు, కాలం కావచ్చు. మేమూ వెళ్లాం, అబద్ధమెందుకు. తెల్లవారుజామున నాలుగింటికి లైన్లో నిలబడ్డాం. సీసా ఇచ్చి, ఇంగ్లీషు మందు ఆపితేనే పనిచేస్తుందన్నాడు. ఆ మాట విన్నాకే నాన్న సీసా అక్కడే అరుగు మీద పెట్టి బయటికొచ్చేశాడు. ఏది వాడినా క్యాన్సర్ డాక్టర్‌కు తెలిసే వాడండి. ఆపమని చెప్పే ఎవరి దగ్గరా ఒక్క నిమిషం ఉండొద్దు. దేవుడి మొక్కులకు మాత్రం ఏ డాక్టరూ అడ్డు చెప్పడు. మా అమ్మ అరసవల్లికి మొక్కుకుంది, తీర్చుకుంది కూడా.

నేను అమెరికాలో ఉన్నాను. ఏం చేయగలను?

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. మొదటి నెల రోజూ ఒక కొత్త వ్యాసం పంపి, 'ఇది ఎందుకు ఇవ్వట్లేదు? అది అడిగావా?' అనేది. ఒకరోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నేను ఫోన్‌లో అరిచేశాను. తర్వాత పని పంచుకున్నాం. రిపోర్టులన్నీ ఫోటో తీసి పెడితే తేదీల వారీగా సర్దిపెట్టేది తనే. డాక్టర్‌ను అడగాల్సినవి ఒక చీటీ మీదికి ఎక్కేలా ముందురోజు నాకు పంపేది. సాయంత్రం అరగంట అమ్మతో జబ్బు మాట ఎత్తకుండా మాట్లాడటం కూడా తన డ్యూటీయే. సెలవు ఒక్కసారే దొరికేట్టయితే ఆపరేషన్‌కు రావడం కంటే రేడియేషన్ చివరి రెండు వారాలకు రండి. ఆపరేషన్‌కు చుట్టాలంతా వస్తారు. అప్పటికి ఎవరూ మిగలరు.

ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఇప్పుడెలా?

మా పెదనాన్నకు ఇదే అన్నారు. ఆయనది ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ మాట జబ్బు వైద్యానికే వర్తిస్తుంది. నొప్పికి, ఆయాసానికి, నిద్రకు చేయాల్సింది చాలా ఉంటుంది. ఆ బాధలు తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు, ఆ విభాగం ఎక్కడుందో అడగండి. ఎంఎన్‌జేలో ఉంది, హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉంది. ఇళ్లకు వచ్చి చూసే బృందాలూ ఉన్నాయి. మార్ఫిన్ అంటే మత్తుమందని, అదిస్తే త్వరగా పోతారని భయపడతారు. డాక్టర్ చెప్పిన లెక్కలో నొప్పికి వాడే మార్ఫిన్ మాత్ర అలాంటిది కాదు. 2014లో చట్టం మార్చి ఆసుపత్రులకు దాన్ని తెప్పించుకోవడం సులువు చేశారు కూడా. మలబద్ధకం మాత్రం తప్పదు, విరేచనం మందు జతగా రాయించుకోండి. మాత్ర మొదలుపెట్టిన రెండో రోజు పెదనాన్న పడక్కుర్చీ వరండాలో వేయమన్నాడు. పదకొండు రోజులు అక్కడే కూర్చుని వచ్చేపోయేవాళ్లతో మాట్లాడాడు. అంతకుముందు నెలంతా గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి.

ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా? మాకూ వస్తుందా?

అంటుకోదు. కంచం, గ్లాసు వేరు చేయొద్దు, ఆ పని జబ్బు కంటే ఎక్కువ బాధిస్తుంది. వంశంలో రావడం అన్ని క్యాన్సర్లకూ ఉండదు. రొమ్ము, అండాశయం లాంటివి దగ్గరివాళ్లలో ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉంటే డాక్టర్‌ను అడగండి. మా ఇంట్లో వారసత్వంగా వచ్చింది చుట్ట.

మీ అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు? చుట్ట మానేశారా?

బాగుంది. మొదటి ఏడాది నెలకో రెండు నెలలకో ఒకసారి, ఇప్పుడు ఆరు నెలలకోసారి చూపిస్తున్నాం. చెకప్ ముందు వారం ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, అది తగ్గలేదు. ప్లేటు పెట్టుకుంటే మాట స్పష్టంగానే వస్తుంది. తీస్తే ముక్కుతో వస్తుంది, అప్పుడు మనవలు నవ్వితే తనూ నవ్వుతుంది. కారం ఇంకా తినలేదు.

చుట్ట మానేసింది. మానాలనుకునేవాళ్లకు 1800112356 అని ఉచిత ఫోన్ నంబరుంది. మా పిన్నితో చేయించాం, ఆవిడ మూడోసారికి మానగలిగింది. అమ్మ మాత్రం పుండు పేరు తెలిసిన రోజునే ఆపేసింది. చుట్టలు పెట్టుకునే రేకు డబ్బా పారేస్తానంటే ఇవ్వలేదు. ఇప్పుడు అందులో ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టుకుంటోంది. భోజనం అయ్యాక, ఒకప్పుడు చుట్ట వెలిగించే వేళకే, అరుగు మీద కూర్చుని డబ్బా మూత తీస్తుంది. మొన్న లెక్కపెడితే పదిహేడు పుల్లలు పట్టాయి.